కుంకుమ పట్టిన వైస్

హచ్చొళ్ళిలో పొలాలకు మందు కొట్టే పంపులు బాగుచేసే రామసుబ్బమ్మకు అరవై దాటాయి. పనంతా ఇంటి కారు షెడ్డులోనే. గొట్టాలను కదలకుండా బిగించి పట్టే పాత వైస్ ఒకటి ఆమె మామగారి కాలం నుంచి అక్కడుంది. నాలుగేళ్లుగా అది తిరగడం లేదు. గొట్టాన్ని పాదాల మధ్య ఇరికించుకుని కోస్తూ ఆమె రెండుసార్లు కాలు కోసుకుంది. పంపు బాగుకు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ గాట్లు నాకు చూపించింది.

ఒకరోజు మరిది సుదర్శన్ నలభై పనిముట్ల కొత్త పెట్టె తెచ్చాడు.

"ఆ ముసలి వైస్‌ను పాత ఇనుమోనికి ఏసేద్దాం వదినా. రేపు బండి వస్తాది."

"రానీప్పా. రేపు కదా." పెట్టెలోంచి ఇనుప బ్రష్షు, ఒక స్పానర్ మాత్రం తీసుకుని మూత వేసింది.

"తుప్పు పట్టి బిగుసుకుపోయిండాది. నీతో కాదు."

"తుప్పు యాడుండాదో చూద్దాం."

కిరసనాయిలు పోసి, సాయంత్రానికి లోపలి పెద్ద స్క్రూను బయటికి లాగింది. గాడుల్లో తుప్పు లేదు, ఎర్రటి ముద్ద ఉంది. ఏటా ఆయుధపూజకు ఇంటి మగవాళ్లు స్క్రూకు నూనె, పసుపు, కుంకుమ పూసి తుడవకుండా వదిలేసేవారు. అదే రాయిలా గట్టిపడింది.

"ముప్పై ఏండ్లు మొక్కినారు. ఒక్కరన్నా విప్పి చూసినారా?"

ఆమె గాడులన్నీ గీకి గ్రీజు పూసి, స్క్రూను మళ్లీ ఎక్కించింది. పిడి ఒక్క వేలితో తిరిగింది.

మరునాడు వచ్చిన బండి ఖాళీగా వెళ్లింది. గొట్టం బిగిస్తూ రామసుబ్బమ్మ మరిదితో అంది: "ఈ దసరాకు బొట్టు కింద బల్లకు పెట్టుకో. దీన్ని ముట్టుకోవాలంటే నన్ను అడగల్ల."