రెండో కాన్పు డాక్టరమ్మ

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పేటలో డాక్టరమ్మ పోయిందంట" అన్నాడు. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. నరసరావుపేటలో ఇప్పుడు వీధికి నలుగురు డాక్టర్లున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ మాటకు ఒక్కరే మనిషి. "నిద్రలోనే పోయిందంట, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు" అని కూడా అన్నాడు. వాడు మంచిమాటగానే అన్నాడు. నాకు మాత్రం ఎందుకో కోపం వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఆవిణ్ణి ఇబ్బంది పెట్టాయి. పోయేముందు ఆవిడ ఎవరినన్నా కాస్త ఇబ్బంది పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఎనభైల నాటి మాట ఇది. మా పుట్టింటి ఊరు ముప్పాళ్ళ దగ్గర. నన్ను దాచేపల్లి ఇచ్చారు, మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింటి వాళ్లే చెయ్యాలి కాబట్టి ఏడో నెల పెట్టగానే అమ్మ నన్ను తీసుకొచ్చింది. పురుడు ఎవరి చేతిలో పొయ్యాలన్న మాట వచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా నాయనమ్మది ఊరి మంత్రసాని పార్టీ. నన్ను భూమ్మీద పడేసింది ఆ మంత్రసానే. అప్పటికి ఆవిడకు చూపు మందగించింది, మనిషిని గొంతుతోనే గుర్తుపడుతోంది. అమ్మది పేటలో మెయిన్ రోడ్డు మీదున్న ఇంకో డాక్టరమ్మ పార్టీ. ఆవిడకు ఇద్దరు మగపిల్లలు. అమ్మకు అదే పెద్ద డిగ్రీ.

మా డాక్టరమ్మ పేరు ఆ రెండు పార్టీల్లోనూ లేదు. ఆవిడకు పిల్లల్లేరు. ఎందుకు లేరో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ కడుపు పండని మనిషి చెయ్యి తొలి కాన్పు మీద పడకూడదని మా చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఒక పట్టింపు. ఒక బిడ్డ పుట్టి బతికాక ఇక భయం లేదట. అప్పుడు మాత్రం అందరూ ఆవిడ దగ్గరికే పరిగెత్తేవాళ్లు, చెయ్యి మంచిదని. "రెండో కాన్పు డాక్టరమ్మ" అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకూ తెలుసు.

పక్కింటి వదిన రెండోసారి కడుపుతో ఉంటే తోడుగా ఆవిడ ఆసుపత్రికి వెళ్లాను. బస్టాండు వెనక సందులో పెంకుటిల్లు, ముందు వసారాలో బల్లలు. వదినను చూడటం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగింది. నా మొహం కాదు, పాదాలు చూసింది. వాచిపోయి, చెప్పుల పట్టీ అచ్చు పడి ఉన్నాయి పాదాలు.

"తలనొప్పి వస్తందా అమ్మాయ్?" అంది.

వస్తోంది. ఇంట్లో చెబితే ఎండ అన్నారు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి బీపీ చూసింది. "ఎవరికి చూపిస్తున్నారు?" అని అడిగింది. నేను నేల చూశాను, వదిన గోడ చూసింది. ఆవిడకు అర్థమైపోయింది. "సరేలే. ఎవరికైనా చూపించండి. చూపించకుండా మాత్రం ఉండబాకండి. బీపీ ఎక్కువుందని వాళ్లకి చెప్పండి, మర్చిపోబాకండి" అని ఇంకో మనిషిని పిలిచింది.

ఆ వారమే అమ్మ నన్ను మెయిన్ రోడ్డు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. జనం కిటకిటలాడుతున్నారు. నేను బీపీ సంగతి చెప్పబోతే, పెద్ద డాక్టరుకు మనం చెప్పేదేందన్నట్టు అమ్మ నా మోచెయ్యి నొక్కింది. రెండు నిమిషాల్లో బయటికొచ్చాం. ఆవిడ చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. అంత జనంలో ఎవరు మాత్రం ఏం అడుగుతారు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని చెప్పేశాను, నేను సందులో డాక్టరమ్మ దగ్గరికే పోతానని. నాయనమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు?" అంది.

అమ్మ భయం వేరు. "రేపు ఏదన్నా అయితే మీ అత్తగారోళ్లు నన్ను బతకనిస్తారా? తెలిసి తెలిసి అక్కడికి తీసుకుపోయిందంటారు."

"ఏదన్నా అయితే అయ్యేది నాకు గదమ్మా" అన్నాను. "తలనొప్పి వస్తందా అని ఆమె అడిగింది. మీలో ఎవరడిగారు?"

అమ్మ మూడ్రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే తలంటి జడేసి, "పద, పేట బస్సు పోద్ది" అంది.

అయితే అమ్మ ఊరికే రాలేదు. వసారాలో కూర్చున్న ఆడవాళ్లందరికీ అడక్కముందే చెప్పుకుంది, ఇది మా అమ్మాయికి రెండో కాన్పని, పెద్దవాడు ఇంటికాడ ఉన్నాడని. లోపల నర్సుకీ అదే చెప్పింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి లేచి, తెర పక్కకు జరిపి అమ్మ వైపు చూసింది.

"పెద్దోడికి ఎన్నేళ్లండీ?"

అమ్మ చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకు అబద్ధం చెబితే నేను తప్పు లెక్క వేసుకుంటాను. తొలి కాన్పు తీరు వేరు, రెండోదాని తీరు వేరు. ఈ పిల్ల ప్రాణంతో ఆటలాడతారా?" ఆవిడ గొంతు పెంచలేదు. అంతలోనే అమ్మ ఎందుకు అబద్ధమాడిందో తట్టినట్టుంది. కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. కడిగిందే కడుగుతూ చాలాసేపు అటు తిరిగే ఉంది.

తర్వాత మెల్లగా అడిగింది. "మీకు భయంగా లేదా?"

"చానా భయంగా ఉందమ్మా. పిల్ల మీ దగ్గరికే వస్తానంది" అంది అమ్మ. కళ్లు తుడుచుకుంది. మా అమ్మ అంత నిజం మాట్లాడటం నేను అప్పుడే చూశాను.

తొమ్మిదో నెలలో బీపీ పైకి పోయింది. నెలలు నిండేదాకా ఆగకుండా ఆవిడ నన్ను ఆసుపత్రిలోనే పెట్టుకుంది. ఉప్పు లేని కూడు తినలేక నేను ఏడిస్తే తన క్యారేజీ తెచ్చి నా మంచం దగ్గరే కూర్చుని తానూ ఆ చప్పిడి కూరే తినేది. కంగారుపడి వచ్చిన మా ఆయన్ను వసారాలోనే ఆపి, నాతో చెప్పింది: "నొప్పి నీది. కంగారు వాళ్లది. వాళ్లది కూడా నువ్వు మొయ్యబాక." కాన్పు రోజు నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అంది. "భయపడు, ఫర్వాలేదు. నోరు మూసుకుని మాత్రం భయపడబాక. నాకు చెబుతా భయపడు." నేను చెబుతూనే ఉన్నాను. ఏం చెప్పానో గుర్తులేదు. మధ్యలో ఒక దగ్గర నాకు కళ్లు బైర్లు కమ్మాయి, ఆవిడ గొంతు ఒక్కటే వినపడింది. సాయంత్రం లోపు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం బతికాం. ఆవిడ లేకపోతే ఇద్దరిలో ఎవరు మిగిలేవాళ్లమో, అసలు ఎవరన్నా మిగిలేవాళ్లమో నాకు తెలీదు.

బారసాలకు ఆవిణ్ణి పిలవాలని నేనూ అమ్మా అనుకున్నాం. అమ్మే పేట వెళ్లి బొట్టుపెట్టి పిలిచింది. అన్ని కాన్పులు చేసిన మనిషిని అంతకుముందు ఎవరూ బారసాలకు పిలవలేదట. పిల్లను ఉయ్యాల్లో వేసే చోట పిల్లల తల్లులే ఉండాలి కదా మరి. "మీ పెద్దామె ఒప్పుకుంటుందా?" అని మాత్రం అడిగిందట ఆవిడ. నాయనమ్మ ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు.

ఆవిడ వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది. ఆ చీరలో ఆవిడ మాకే కొత్తగా ఉంది, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం పక్కనే నిలబడింది. నేను లేచి వెళ్లి, పీట మీద కూర్చోబెట్టి, పిల్లను ఆవిడ ఒళ్లో పెట్టాను. "మీరే ఉయ్యాల్లో వెయ్యాలండీ" అన్నాను. ఆడవాళ్లంతా నాయనమ్మ వైపు చూశారు.

ఆవిడ ముందు బొడ్డు చూసింది. మాడు మీద వేలు ఆనించి చూసింది. కనురెప్ప కిందికి లాగి రంగు చూసింది. చూడాల్సినవన్నీ అయిపోయాక ఆ చేతులు ఆగిపోయాయి. నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది, "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదండీ. ఊరికే ఎత్తుకోండి."

ఎత్తుకుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకోవడానికి చుట్టూ నిలబడ్డారు. పూలు కట్టిన ఉయ్యాల పక్కనే ఉంది. ముహూర్తం దాటిపోతోందని మా నాయనమ్మకు తెలుసు, ఆవిడ కళ్లు గోడ గడియారం మీదికి వెళ్లొచ్చాయి. పిల్ల డాక్టరమ్మ మెడలో తల దూర్చి నిద్రపోయింది. నాయనమ్మ చప్పుడు కాకుండా చాప మీద కూర్చుని, పాట మొదలుపెట్టబోయిన వాళ్లను చేత్తోనే ఆగమంది.