రైలు వదిలేసినవాడు

కళ్ళజోళ్ళ షాపాయనకి భార్య మీద అనుమానమనే జబ్బు ఏనాడూ లేదు. ఇద్దరూ కలిసే పొద్దున్న షట్టరు ఎత్తుతారు, కలిసే దించుతారు. ఆయన లోపల మిషను ముందు కూర్చుని అద్దాలు అరగదీస్తుంటే, ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ ముక్కుకి ఫ్రేము సరిపోయిందో లేదో చూస్తుంది. "చెవి దగ్గర నొక్కుతోందా?" "కిందికి జారుతోందా?" రోజంతా ఆవిడ మాట్లాడే మాటలు ఇంతే. ఇంటికెళ్ళాక ఆ మాత్రం కూడా ఉండదు. ఉప్పు సరిపోయిందా, తలుపు వేశారా, అంతటితో సరి. కాపురం సజావుగా సాగడమంటే ఇదేనని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ మేడ మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ కొంతమంది చేరి కథలూ కవితలూ చదివి మాట్లాడుకుంటారట. "వెళ్ళు, ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తావ్" అని ఆయనే పంపాడు. తన మధ్యాహ్నం కునుకుకి అడ్డు తొలగిందని లోలోపల సంబరపడ్డాడు కూడా.

కొన్ని వారాలు గడిచాయో లేదో, ఒకరోజు కూర వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదండీ. అతను రైలు ఎందుకు ఎక్కలేదా అని ఆలోచిస్తున్నా."

"ఎవడు?"

"కథలో అతను."

ఆ నెలంతా లైబ్రరీలో బాటసారుల మీదే చర్చట. దారిలో ఉన్నవాడు ఏది ఎంచుకున్నాడు, ఎందుకు ఎంచుకున్నాడు అని. అంతకుముందు వారం ఒక కవిత చదివారు. అందులో బాటసారి రేవు దగ్గర నిలబడి, ఆఖరి పడవవాణ్ణి "నువ్వు పో" అని పంపేస్తాడు. ఈ వారం కథలో ఒకడు ఎన్నో ఏళ్ళు పరాయి ఊళ్ళో పనిచేసి, వస్తున్నానని పెళ్ళానికి ఉత్తరం రాసి ఇంటికి బయల్దేరతాడు. మధ్యలో ఓ చిన్న స్టేషన్లో నీళ్ళు తాగడానికి దిగుతాడు. రైలు కదులుతుంది. పరిగెడితే అందేదే. పరిగెత్తడు. మర్నాడు ఇంకో రైలు వచ్చి సరిగ్గా అతని ముందే ఆగుతుంది. అతను చేతిసంచీ పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చునే ఉంటాడు. కథ అయిపోతుంది.

చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు తను చూసి ఎంత కాలమైందో ఆయనకి ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"పిచ్చివెధవ! నీళ్ళకి దిగి రైలు పోగొట్టుకున్నాడు, అంతేగా" అన్నాడు.

"పోగొట్టుకోలేదండీ. వదిలేశాడు."

ఆ 'వదిలేశాడు' అనడంలో ఎంత మెచ్చుకోలుందో! మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు ఆయన.

ముందు ఆయన అనుమానం ఆ సభ నడిపేవాడి మీదికి పోయింది. ఎవడో గిరజాల జుట్టు వాడు, తీయగా మాట్లాడేవాడు ఉండి ఉంటాడు. ఎవరికో కళ్ళజోడు ఇవ్వాలన్న నెపంతో ఒక ఆదివారం మేడ మెట్లెక్కి తొంగి చూశాడు. నడిపేది రిటైరైన టీచరమ్మ. ఆవిడ ముక్కు మీదున్న అద్దాలు తను చేసినవే. చుట్టూ ఇద్దరు నర్సులు, ఒక పాత పోస్టుమాస్టరు, గోడకి చేరగిలబడి కునికిపాట్లు పడుతున్న బేకరీ ఆయన. కుళ్ళుకోవడానికి అక్కడ ఒక్క నరమానవుడూ లేడు.

ఉంటేనే బాగుండేదనిపించింది. మనిషైతే చొక్కా పట్టుకుని అడగొచ్చు. కాగితం మీది వాణ్ణి ఏం చేస్తాం?

షాపులో గిరాకీ లేని వేళ చూసి, భార్య సంచీలోంచి ఆ కథ తీసి చదివాడు. వాడి ముఖం ఎలా ఉంటుందో రాసినాయన ఎక్కడా చెప్పలేదు. అదే ఆయన్ని మరీ దహించింది. ముఖమంటూ ఉంటే ముక్కు వంకరనో, ఒక చెవి కిందికి ఉందనో వంక పెట్టేవాడు. ముఖం లేనివాడికి ఆవిడ ఎంత అందమైనా తగిలించుకోవచ్చు! వాడి గురించి ఉన్నదల్లా ఒకటే, 'నిదానంగా కూర్చున్నాడు' అని.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చేతిసంచీ పక్కన పెట్టి, కుర్చీలో చాలా నిదానంగా కూర్చున్నాడు. కిటికీలోంచి దూరంగా చూశాడు.

"నడుం పట్టేసిందా ఏమిటండీ?" అంది భార్య.

కాలేజీలో చదివే కూతురికి అంతా అర్థమైపోయింది. "నాన్నా, కథలో వాడి మీద కూడా ఏడుపేనా!" అంది పగలబడి నవ్వుతూ.

"నోరు మూసుకుని చదువుకో" అన్నాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాతి ఆదివారం ఆవిడ పొద్దుటినుంచీ గిన్నెలు కడుగుతూ తనలో తను ఏదో గొణుక్కుంటోంది. ఆ రోజు మాట్లాడడం ఆవిడ వంతు. తీరా బయల్దేరేటప్పుడు ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ వస్తాను."

"మీరా?" అంది.

మేడ మీద అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది. "నాకేమనిపించిందంటే, అతనికి ఇంటి మీద కోపం లేదు. ఎవరూ తనని పిలవని చోట మొదటిసారి కూర్చున్నాడు. నేనే గనక అక్కడుంటే…"

"మరి ఇంట్లో పెళ్ళాం మాటేమిటి?"

గది అంతా ఆయన వైపు తిరిగింది. ఇక ఆగలేకపోయాడు. "వస్తున్నానని ఉత్తరం రాశాడు కదా! ఆవిడ రెండు పూటలా వాడికి కూడా వండి ఉంటుంది. చప్పుడైతే చాలు, వీధిలోకి పరిగెత్తి ఉంటుంది. వీడేమో బల్ల మీద దర్జాగా కూర్చున్నాడు! ఇదేనా గొప్ప?"

బేకరీ ఆయన నిద్ర లేచాడు. నర్సుల్లో ఒకామె "నిజమే సుమండీ" అంది, రెండో ఆమె "నిజమెలా అవుతుంది" అని ఎదురు తిరిగింది. పోస్టుమాస్టరు అటొక మాట, ఇటొక మాట వేశాడు. సభ ఎన్నడూ లేనంత వేడెక్కింది. టీచరమ్మ మురిసిపోయి, "ఇన్నాళ్ళూ మనం స్టేషన్లోనే ఉండిపోయాం, ఈయన వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. వచ్చే వారం తప్పకుండా రండి బాబూ" అంది.

భార్య మొదలుపెట్టిన మాట ఏమైందని ఎవరూ అడగలేదు.

దారిలో ఆయన కాళ్ళు నేల మీద లేవు. వాడి పని పట్టేశాడు కదా! "చూశావా, అందరూ ఎలా విన్నారో?"

ఆవిడ వడివడిగా ముందు నడిచింది. మందుల షాపు మలుపు దగ్గర ఆగింది. "ఇన్నాళ్ళూ అక్కడ నన్ను ఎవరూ షాపాయన భార్య అనలేదు. రేపటినుంచి అదే అంటారు. అంత కోపమైతే వాణ్ణి ఇంట్లోనే తిట్టుకోవలసింది కదండీ."

ఆయనకి గాలి తీసేసినట్టయింది. "నువ్వు వాణ్ణి మెచ్చుకుంటుంటే ఒళ్ళు మండిపోయింది నాకు. వాడి కోసం గరిటె ఆపేశావ్. నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు కూడా ఆపలేదు."

"మీకు జ్వరమొస్తే నేను గరిటె ఆపి కూర్చుంటే గంజి ఎవరు కాస్తారు?" అంది. నవ్వు రాబోయి ఆగిపోయింది. "అతని కోసం ఆగలేదు. అతని చోట నేనుంటే ఎక్కుతానా, ఎక్కనా అని చూసుకున్నా."

"ఎక్కుతావా?"

"అదే చెప్పబోయాను. చెప్పనిచ్చారా?"

ఆవిడ కొంగు సర్దుకుని మలుపు తిరిగింది.

మరుసటి ఆదివారం టీచరమ్మ కబురు పంపినా ఆయన వెళ్ళలేదు. ఆవిడ ఒక్కతే వెళ్ళింది, తిరిగొచ్చింది. ముఖంలో వెలుగు మళ్ళీ ఉంది. "మాట్లాడావా?" అన్నాడు. "మాట్లాడాను" అంది. ఏమని చెప్పిందో ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. తనకి తెలియని తన భార్య మాట ఊళ్ళో అంతమందికి తెలుసన్న సంగతి మిషను ముందు కూర్చున్నా కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఆ వారం ఆయన చేతిలో రెండు జతల అద్దాలకి అంచులు విరిగాయి.

అదే వారం బేకరీ ఆయన ఫ్రేము బిగించుకోవడానికి వచ్చాడు. "మీ ఆవిడ ఆ రోజు భలే చెప్పారండీ. నాకైతే నిద్రే రాలేదు. మీకు చెప్పే ఉంటార్లెండి" అన్నాడు.

"ఆఁ, చెప్పింది, చెప్పింది" అన్నాడు షాపాయన తల ఎత్తకుండా. కౌంటరు దగ్గర ఆవిడ విన్నది.

షట్టరు దించుతున్నప్పుడు అంది, "అబద్ధమెందుకు చెప్పారు?"

"తెలీదంటే పరువుపోదూ?"

ఆవిడ ఆయన వైపు తిరిగింది. కోపంగా కాదు. "నేనూ మొదటి రైలు వదిలేస్తానన్నాను. మర్నాటి రైలు ఎక్కుతాను."

"అయితే మధ్యలో ఆ ఒక్కరోజూ?"

"కూర్చుంటాను."

"తిండి?"

"దొరికింది తింటాను."

"రోజంతా ఎవరితో మాట్లాడతావ్?"

"ఎవరితోనూ మాట్లాడను. అందుకేగా కూర్చోవడం."

ఇంటికొచ్చేస్తానంది కదా, సంతోషించాలి. ఆయన మనసు ఆ మాట మీద నిలవలేదు. తను లేని ఆ రోజు చుట్టూ, ఆవిడ ఒక్కతే కూర్చునే ఆ బల్ల చుట్టూ తిరిగింది. వాడి మీద పుట్టిన మంటంతా ఇప్పుడు ఆ చెక్కబల్ల మీదికి మళ్ళింది. తాళం వేశాడు, పడిందో లేదో లాగి చూశాడు, ఆవిడ నడకతో సమంగా అడుగు వేసుకుంటూ ఇంటిదారి పట్టాడు.