బావగారి పొట్టు మట్టి

మొన్న అన్నవరం కొండ మీద ప్రసాదం వరుసలో నిలబడి ఉంటే వెనక నుంచి ఒకాయన భుజం తట్టి, "మీరు రాజమండ్రి మేడతోటల గ్రూపులో రాసేవారు కదండీ?" అన్నారు. ఆయనది తుని. మేడ మీద కూరగాయలు పెంచుతారట. "మీరు చెప్పిన దగ్గర్నుంచి కొబ్బరి పొట్టు జోలికి పోలేదండి. సొంత బావగారి సరుకైనా మొహమాటపడకుండా చెప్పారు చూడండి, అదండీ మనిషంటే!" అని నా చెయ్యి పట్టుకుని ఊపారు. ప్రసాదం అందుకున్నాక, అక్కడే ఓ పక్కకు తీసుకెళ్ళి ఆయనకు అసలు సంగతి చెప్పాను. నేను తర్వాత దిద్దుకుంటూ రాసింది ఆయన చూడనేలేదు. ఇంకా ఎంతమంది చూడలేదో తెలియదు కాబట్టి, మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాసేస్తున్నాను.

మా మేడ మీద తోట నాకు ఆఫీసు కన్నా పెద్ద ఉద్యోగం. వంగ, టమాటా, మిరప, బంతి, ఏ నారైనా ఇంట్లోనే పోస్తాను. కొన్నేళ్ళ పాటు ఆ నారు పోసింది పీట్ అనే విదేశీ సరుకులో. చలిదేశాల చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్ళ పాటు చివికి చివికి తయారయ్యే పదార్థం అది. నల్లగా, మెత్తగా, కాఫీ పొడిలా ఉంటుంది. సంచి విప్పి ఓసారి వాసన చూస్తే గాని నాకు తెల్లవారినట్టుండేది కాదు. దాన్ని తవ్వి తీస్తే ఆ నేలలు మళ్ళీ మన జన్మలో పూడవని ఎక్కడో చదివి మనసు కాస్త పీకుతూనే ఉండేది. కానీ అలవాటు ముందు ఆ పీకుడు ఏపాటిది?

అప్పుడే మా బావగారు, అంటే మా చెల్లెలి భర్త, కోనసీమలో కొత్త పని మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో పీచు మిల్లు పక్కన, కొబ్బరి డొక్కల నుంచి పీచు తీయగా రాలిన పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. దాన్ని తెచ్చి, సహజంగా ఉండే ఉప్పు పోయేదాకా మంచి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, చివికిన పశువుల గెత్తం ఎరువు, కాస్త ఇసుక కలిపి సంచులకెత్తేవారు. "ఎక్కడో మంచు దేశం బురద ఓడలో తెప్పించుకోవడం ఏంటి బావగారూ, మన దగ్గర ఇన్ని డొక్కలు పెట్టుకుని?" అని నవ్వి, మా ఇంటికి కొన్ని సంచులు స్వయంగా ఆటోలో వేసుకొచ్చారు. నేనే గ్రూపులో గొప్పగా చెప్పాను. చాలామంది ఆయన దగ్గర తీసుకున్నారు.

తొలకరి పడగానే అన్ని ట్రేలూ ఆ మట్టితో నింపి గింజలు వేశాను. ఒక్కటీ రాలేదు. తవ్వి చూస్తే గింజ వేళ్ళ మధ్య చితికిపోయేంత మెత్తగా కుళ్ళి ఉంది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. సంచి అడుగున ఇంకో ట్రేకి సరిపడా మట్టి మిగిలితే, దాంట్లో కూడా గింజలు వేసి ఇక ఇదే ఆఖరు అనుకున్నాను. కోపం ఆగక ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను: మా బావగారి మట్టిలో ఉప్పు పోలేదు, గింజలు చచ్చిపోతున్నాయి, ఎవరూ కొనకండి. నిజాయితీగా ఉన్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను. కొన్నవాళ్ళు కొందరు సంచులు తిప్పి పంపేశారు. బావగారు ఒక్క మాట అనలేదు. మా చెల్లెలు మాత్రం నాకు ఫోన్ చెయ్యడం మానేసింది. నేను చేస్తే "వదినకివ్వు" అనేది.

అలా రాసిన మర్నాడే తొట్టి జరపబోయి నా నడుం పట్టేసింది. మంచం దిగలేని పరిస్థితి. మేడ మీద రేకుల నీడలో ఉన్న ఆ ఆఖరి ట్రేకి నీళ్ళు పొయ్యమని మా ఆవిడని బతిమాలాను. "వాన పడుతూనే ఉందిగా, చెమ్మ ఉంటుంది లెండి" అని తను అటు వెళ్ళనేలేదు. నడుం కుదుటపడి గోడ పట్టుకుంటూ మెట్లెక్కి చూద్దును కదా, ట్రే నిండా వంగ మొలకలు! నేను నమ్మలేదు. మట్టి మార్చావా అని మా ఆవిణ్ణి నిలదీశాను.

"మట్టి మార్చడానికి నాకేం పనిలేదా అండీ? మీరు మంచం ఎక్కితే గాని అవి పైకి రాలేదు, అదీ సంగతి!" అంది.

పైన మట్టి లేత రంగులో, పొడిగా, దాహంతో ఉన్నట్టే కనిపించింది. అలవాటు కొద్దీ చెయ్యి నీళ్ళ చెంబు మీదికి పోయింది. ఎందుకో ఆగి, వేలు గుచ్చి చూశాను. అడుగున చల్లగా తడి. నా పాత పీట్ పైన ఎండిందంటే నీళ్ళు అడుగుతున్నట్టే అని నా లెక్క. పొట్టు అలా కాదు, పైన ఆరిపోయినా కింద నీళ్ళు దాచుకుంటుంది. ఆ పొడిదనం చూసి నేను పొద్దున్నా సాయంత్రం చెంబులకు చెంబులు కుమ్మరించి, గింజలను నా చేతులారా ముంచేశాను. ముందు నాకు కలిగింది సిగ్గు కాదు, ఊరట. బావగారు మంచి సరుకే ఇచ్చారు, చెల్లెలి ఇంట మోసం లేదు. సిగ్గు ఆ తర్వాత మెట్లు దిగుతుంటే వచ్చింది.

మర్నాడు ఆ ట్రే ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. వాళ్ళ ఇంటి గుమ్మంలో చెల్లెలు ఎదురైంది. "ఏంటి, ఇంకేమైనా రాయడానికొచ్చావా? ఈయన ఆ పొట్టు నాలిక మీద వేసుకుని ఉప్పుందేమోనని చూస్తున్నారు, తెలుసా? రోజూ! కడిగిందే కడుగుతున్నారు. రేపో మాపో కుప్పంతా కాలవ గట్టున పారబోసి మళ్ళీ పాత ఉద్యోగం అడుక్కోవడానికి వెళ్తారట" అంది. ఆయన ఏమీ అనకపోవడం పెద్దమనిషితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా మాట నమ్మేశారని అప్పుడు తెలిసింది.

బావగారు పెరట్లో తడి పొట్టు పక్కన గొంతుకూర్చుని ఉన్నారు. ట్రే ముందు పెట్టి, నీళ్ళ సంగతి చెప్పి, "తప్పు నాదండి బావగారూ" అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన మొలకల వంక చూశారు, మట్టిలో వేలు పెట్టారు, నా మొహం చూశారు.

"అయితే పొట్టు బాగానే ఉందంటారా?"

"బంగారంలా ఉందండి."

ఆయన అక్కడే నేల మీద చతికిలబడి, తడిచేతులు మోకాళ్ళకు తుడుచుకుంటూ, "హమ్మయ్య" అన్నారు. అంత పొడుగు ఊపిరి ఒక మనిషి వదలగా నేను ఎప్పుడూ వినలేదు. లోపల నుంచి చెల్లెలు, "అన్నయ్యా, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను" అని కేకేసింది. ఆ రాత్రికే గ్రూపులో నా తప్పు రాశాను. ఇప్పుడు ఆయన పని బాగా సాగుతోంది. ప్రతి సంచి మీదా నీళ్ళు పోసేముందు వేలు పెట్టి చూడమని అచ్చు వేయించారు.

ఆయన నన్ను క్షమించడానికి ఒక్క ఊపిరి పట్టింది. తన చేతిపనిని తానే అనుమానించుకుంటూ ఆయన గడిపిన ఆ వానాకాలపు సాయంత్రాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. కాలం వాటిని నా నుంచి తీసుకోదు గాని, ఆయన్ని ఎప్పుడో మరిపించేసింది. అంతవరకూ కాలం మా మీద దయగానే ఉంది.