పూజరోజు కొలిచిన పిస్టన్ ఎత్తు

మా అమ్మాయి స్కూలు వ్యాను నడుపుతుంది. ఓడరేవు పక్క మెటియాబ్రుజ్ సందుల్లో పిల్లల్ని ఎక్కించుకుని బడికి చేరుస్తుంది. ఆ పనిలో మా చుట్టుపక్కల ఆడమనిషి తనొక్కతే. ఆ సెప్టెంబరులో డాక్ రోడ్డు మీద కంటైనర్ లారీల వెనక ఇరుక్కున్నప్పుడు రేడియేటర్ గొట్టం చిట్లి ఇంజను కాగిపోయింది. సోమవారానికి బండి కదలకపోతే పిల్లల్ని వేరే వ్యానుకు మార్చేస్తామని తల్లిదండ్రులు చెప్పేశారు. మా మలుపులో నిలబడే మరో వ్యాను డ్రైవరు అప్పుడే వాళ్ల ఇళ్లు వాకబు చేస్తున్నాడు.

నేను పోర్టు వర్క్‌షాపులో డీజిల్ ఫిట్టరుగా రిటైరయ్యాను. రోజూ డైరీ రాస్తాను. ఆ వారం పేజీలు మాత్రం అప్పుడప్పుడూ తీసి మళ్లీ చదువుకుంటాను.

గురువారం మెకానిక్ మిస్త్రీ వచ్చి, ఇంజను పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్ విప్పాడు. నా ఉక్కు బద్దను దాని మీద ఐమూలగా నిలబెట్టి చూస్తే మధ్యలో బద్ద కిందనుంచి వెలుతురు కనబడింది. పగుళ్లు లేవు గానీ హెడ్ వంగింది. ఖిదిర్‌పూర్‌లో తెలిసిన మెషిన్ షాపుకు తండ్రీకూతుళ్లం ఆటోలో పట్టుకెళ్లాం. మర్నాడే విశ్వకర్మ పూజ. యజమాని మెషిన్లు కడిగించి, బంతిపూల దండలు బుట్టలో సిద్ధంగా పెట్టుకున్నాడు.

"పూజ అయ్యాక రా దిది. మెషిన్ స్నానం కూడా చేసేసింది," అన్నాడు.

"స్నానమే కదా దాదా అయింది. దండ వేసేలోగా ఇదొక్కటీ కానిచ్చెయ్," అంది అమ్మాయి.

అతను నవ్వేసి హెడ్ అందుకున్నాడు. అమ్మాయి సంచిలోంచి నీలం మార్కర్ తీసి హెడ్ ముఖం నిండా అడ్డంగా, నిలువుగా గీతలు గీసింది. గ్రైండింగు రాయి ఒక్కో విడత తిరుగుతుంటే గీతలు చెరిగిపోతూ వచ్చాయి. వంగి లోతైన చోట మాత్రం కాస్త నీలం మిగిలింది. అదీ పోగానే "చాలు" అంది.

"ఇంకో విడత తిప్పితే అద్దంలా వస్తుంది దిది."

"నేను అందులో మొహం చూసుకోను దాదా."

"కాకూ, మీ అమ్మాయి మీకంటే పిసినారి," అన్నాడు నాతో. వాల్వులు పైకి పొడుచుకు రాకుండా వాటి సీట్లు కూడా ఆ లెక్కన కోసి ఇచ్చాడు.

సాయంత్రం మిస్త్రీ గ్యాస్కెట్ తెచ్చాడు. ఇంజను బ్లాకుకూ హెడ్‌కూ మధ్య నీళ్లు, నూనె, మంట కలవకుండా అడ్డుండే రేకు అది. మా ఇంజనుకు మూడు మందాల్లో దొరుకుతుంది. అంచున ఒక గాటు ఉంటే పలచనిది, మూడుంటే మందం. పాతది రెండు గాట్లది. మిస్త్రీ తెచ్చింది మూడు గాట్లది.

"హెడ్ సన్నబడింది కదా దిది, ఆ లోటు ఇది పూడుస్తుంది," అని చెప్పి పూజకు వెళ్లిపోయాడు.

మర్నాడు మా సందు మీద ఆకాశమంతా పూజ గాలిపటాలే. అమ్మాయి వ్యాను ముందు గుడ్డ పరిచి, "నాన్నా, డయల్ గేజి ఇయ్యి" అంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముల్లుతో చూపించే పరికరం అది.

నాకు చెయ్యి రాలేదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం. అయినా పోర్టులో ఉన్నన్నాళ్లూ పూజనాడు అందరితోపాటు నేనూ పనిముట్టు ముట్టలేదు. వాళ్లతో వరసలో కూర్చుని ఖిచుడీ తిన్నాను.

"ఈరోజు నేను ముట్టనమ్మా."

"నువ్వు ముట్టకు. నేను ముడతాను. కొలవడం కూడా పనేనేటి?"

"పని కాకపోతే నన్నెందుకు పిలిచావు?"

"కుర్చీలో కూకో. నేను తప్పు చేస్తే దగ్గు."

బ్లాకు పైభాగం తుడిచి, గేజి అక్కడ ఆనించి ముల్లు సున్నాకు తెచ్చింది. తర్వాత దాన్ని పిస్టన్ మీదికి జరిపి ఇంజనును మెల్లగా తిప్పింది. ముల్లు ఎక్కి, ఆగి, వెనక్కి మళ్లేచోట అంకె చూసుకుంది. ఒక్కో పిస్టన్‌కు రెండు చోట్ల చూసింది. మధ్యలో నాకు నిజంగానే దగ్గొచ్చింది. అమ్మాయి చెయ్యి టక్కున ఆగిపోయింది.

"అది ఉత్త దగ్గే," అన్నాను.

"సరిగ్గా ఇప్పుడే రావాలేటి?"

అన్నిటికన్నా ఎత్తు లేచిన పిస్టన్ కొలతను ఇంజను పుస్తకంతో సరిచూసింది. రెండు గాట్లదే రావాలి.

"తీసింది హెడ్‌లో కదా నాన్నా. హెడ్ ముఖం చదును, మంట మండే గుంట పిస్టన్‌లోనే ఉంది. పిస్టన్ ఎత్తు మారనేలేదు. మందంది వేస్తే కంప్రెషన్ పడిపోయి పొద్దున్నే స్టార్టవక చంపుతుంది."

నేను చెప్పాలనుకున్న మాటలన్నీ తనే చెప్పేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. నా సర్వీసులో ఏ పూజనాడూ ఖాళీ చేతులతో అంత హాయిగా లేను.

శనివారం దుకాణంలో గ్యాస్కెట్ మార్చుకొచ్చింది. మిస్త్రీ మూతి ముడిచాడు. "బండి మొరాయిస్తే నా పేరు చెప్పకు దిది."

"బాగా నడిచినా చెప్పనులే."

కొత్త బోల్టులు మధ్యనుంచి అంచులకు వరసగా, బిగువు కొలిచే టార్క్ రెంచి పట్టి తనే బిగించింది.

సోమవారం తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. తెల్ల పొగ లేదు. నీళ్లు తగ్గలేదు. పిల్లలందరూ ఎక్కారు. ముందు సీట్లో నేనూ ఉన్నాను. మలుపులో ఆ డ్రైవరు చెయ్యెత్తి వ్యాను ఆపాడు.

"దిది, నా బండి కూడా నీళ్లు తాగేస్తోంది. హెడ్ పోయిందంటావా?"

"సాయంత్రం తీసుకురా. కొలిచి చెబుతాను, గేజి నా దగ్గరే ఉంది."

నా గేజి పెట్టె ఇంటికి తిరిగి రాలేదని నాకప్పుడు తెలిసింది. తిరిగి ఇమ్మని అడగలేదు. ఆ సాయంత్రం అలమరాలో దాని చోటు శుభ్రంగా తుడిచి, నా కళ్లద్దాల పెట్టె అక్కడ పెట్టుకున్నాను.