ఎమ్మెల్యే గారు వెనక్కి వచ్చిన రోజు

పదిహేనేళ్ళ కిందటి ఎండాకాలం. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య ఒక ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు ఆయాగా పనిచేస్తున్నాను. మా ఆయన అక్కడే వాచ్‌మన్. ఆయన పోయాక, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న రూలు కింద నన్ను తీసుకున్నారు. నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతే. ఇది నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు.

ఆసుపత్రిలో ఆయా అందరికన్నా కింద. పైన నర్సులు, హెడ్ నర్సు, డాక్టర్లు, అందరి మీదా సూపరింటెండెంటు. నొప్పులతో వచ్చినామెను మంచం ఎక్కించడం, కింద రెక్సిన్ పరచడం, కాన్పయ్యాక గుడ్డలు తీయడం నా పని. పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే ఇంకో పని. హెడ్ నర్సు బీరువా తాళం తీసి కొత్త దుప్పట్లు ఇచ్చేది, పరిచేవాళ్ళం. కార్లు గేటు దాటగానే మళ్ళీ మడతపెట్టి బీరువాలో పెట్టేవాళ్ళం. అన్నిచోట్లా ఇంతేనేమో అనుకునేదాన్ని.

ఆ రోజు ఎమ్మెల్యే గారు రావాలి. సరిగ్గా అప్పుడే గరికపాడు వైపు నుంచి లారీలో ఒకామె నొప్పులతో వచ్చింది, వెంట అత్తగారు. మంచం ఎక్కించబోతే హెడ్ నర్సు ఆపింది.

"కొత్త దుప్పట్లే! మరకలు పడితే ఎవరు జవాబు చెప్పేది? ఆయన వెళ్ళేదాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టు. మొదటి కాన్పేగా, టైముంది."

అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "ఇన్ని మంచాలు ఖాళీగా పెట్టుకుని మా కోడల్ని బల్ల మీద కూర్చోబెడతారేంటమ్మా? ఇవి పెళ్ళివారి కోసమా?"

నేను తల తిప్పుకుని, కోడల్ని బల్ల మీదే కూర్చోబెట్టాను.

ఎమ్మెల్యే గారు వచ్చారు, మంచాలు చూశారు, బాగా ఉంచారని మెచ్చుకుని వెళ్ళారు. మేము దుప్పట్లు లాగుతున్నాం. ఏదైనా మరిచిపోయారో, కావాలనే వచ్చారో, ఆయన ఒక్కరే వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నా చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి. వరండాలో ఆమె మూలుగుతోంది.

"ఆమెవరమ్మా?"

"కాన్పుకొచ్చిందండి."

"మరి మంచం?"

హెడ్ నర్సు నా వంకే చూస్తోంది. నేను జవాబు చెప్పకుండా దుప్పటి మడతపెట్టేశాను. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు. కోపమో, పట్టించుకోలేదో, ఆ ముఖంలో నాకేమీ తెలియలేదు. ఆయన కారు వెళ్ళాకే ఆమెను లోపలికి తెచ్చాం. ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. మరుసటి వారం నుంచి బీరువాకు తాళం లేదు. సూపరింటెండెంటు గారు వేయొద్దన్నారని హెడ్ నర్సు చెప్పింది. సూపరింటెండెంటు గారికి ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

ఎమ్మెల్యే గారు పోయినప్పుడు నందిగామలో సంస్మరణ సభ పెట్టారు. ఆసుపత్రులకు ఆయన చేసిన సేవ గురించి మాట్లాడాలని, రిటైరయిన నన్నూ పిలిచారు. సభ నడిపే మాస్టారు నన్ను వేదిక పక్కకు తీసుకెళ్ళి, ఆ రోజు జరిగింది నా చేత చెప్పించుకున్నారు.

"ఆయన కోప్పడి, తన చేతులతో ఆమెను మంచం ఎక్కించారని చెప్పమ్మా."

"ఎక్కించలేదండి."

"పోనీ, తాళం తీయించింది ఆయనేగా?"

"తెలియదండి."

"అన్నీ తెలియదంటే ఎట్టాగమ్మా? దణ్ణం పెట్టి దిగిపోతావా?"

ముందు వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఏం వినాలనుకుంటుందో నాకు తెలుసు. ఉన్నది చెబితే పోయినాయన్ని తగ్గించినట్టు, లేనిది చెబితే అబద్ధం. ఉన్నది చెప్పాలంటే నా తప్పూ మైకులో చెప్పుకోవాలి. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరమ్మ నేర్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నెత్తురు ఎంత పోయిందో చెప్పు, ఎందుకు పోయిందో నువ్వు చెప్పొద్దు. అలాగే చెప్పాను. వెనక్కి వచ్చారు, అడిగారు, నేను నోరు విప్పలేదు, తర్వాత బీరువాకు తాళం తీసేశారు, ఎవరు తీయించారో తెలియదు. చప్పట్లు పెద్దగా పడలేదు. దిగాక ఆయన భార్య నన్ను దగ్గరకు పిలిచి ఒక్కటే అడిగింది.

"వెనక్కొచ్చింది మాత్రం నిజమేనా?"

"నిజమేనండి. నా కళ్ళతో చూశా."

ఆమె తల ఊపింది.

ఆయన ఎలాంటి మనిషో నాకు ఇప్పటికీ తేలలేదు. నేను నేర్చుకున్నది మాత్రం ఇది: పై అధికారి పక్కన ఉన్నా లేకపోయినా, అడిగినప్పుడు చూసినంత చెప్పాలి. సభలో చెప్పిన నిజం ఆ లారీలో వచ్చినామెకు పనికిరాదు. ఆ రోజు గుమ్మంలో చెప్పి ఉంటే పనికొచ్చేది.