బస్సు వెనక వచ్చే కారు

వెల్డన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో రెండో కుర్చీ, అంటే సహాయ కోచ్ కుర్చీ, వెర్లిన్ స్కాగ్స్‌ది. మొదటి కుర్చీ అసలు కోచ్ రోలండ్ హాస్‌ది. పేరుకే కుర్చీ గానీ ఆ మహానుభావుడు ఒక్క మ్యాచ్‌లోనూ కూర్చున్న పాపాన పోలేదు, చివరిదాకా నిలబడి అరిచేవాడు. ఆ తిట్లు తిన్న కుర్రాళ్ళను వెర్లిన్ తరవాత పక్కన కూర్చోబెట్టుకుని, "నీమీద ఆశ ఉండబట్టే తిట్టాడ్రా" అని బుజ్జగించేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే వరస.

వెర్లిన్ ఎలాంటివాడని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే మాట, "మంచివాడండీ" అని. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే ఇండియానా రాష్ట్రంలో కోచ్‌ని పట్టుకుని మంచివాడంటే తిట్టినట్టే. ఆ మంచితనం వల్లే మూడు కాలేజీలు అతన్ని ఇంటర్వ్యూకి పిలిచి, కాఫీ ఇచ్చి, వెనక్కి పంపేశాయి. అతనూ నవ్వుతూ తిరిగొచ్చి హాస్ పక్కన కూర్చునేవాడు. ఆ నవ్వు చూస్తే ఊళ్ళోవాళ్ళకి ఒళ్ళు మండేది.

క్రిస్మస్ వెళ్ళగానే హాస్‌కి గుండెలో నొప్పొచ్చింది. డాక్టర్లు ఇక జిమ్ గడప తొక్కొద్దన్నారు. కాలేజీలో ఆటల వ్యవహారాలన్నీ చూసే డైరెక్టర్ మార్జీన్ ప్రూయిట్ వెర్లిన్‌ని పిలిచి, ప్రస్తుతానికి జట్టును నువ్వే నడుపు అంది.

"ప్రస్తుతానికి అంటే ఎప్పటిదాకా మేడమ్?" అన్నాడు వెర్లిన్.

"నాకు నమ్మకం కుదిరేదాకా. కుదరకపోతే బయటివాణ్ణి తెస్తాను. వాడు తన మనుషుల్ని తనే తెచ్చుకుంటాడు, తెలుసుగా."

తెలియకేం? రెండో కుర్చీ కూడా ఊడుతుందని దాని అర్థం. యాభై దాటిన మనిషి బావమరిది ట్రాక్టర్ విడిభాగాల కొట్లో కౌంటర్ వెనక నిలబడాల్సిందే. ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం హార్లన్‌బర్గ్‌లో మ్యాచ్ ఉంది. "ఆ రోజు నేనూ బస్సులో వస్తున్నాను, తిరిగొచ్చాక చెప్తాను" అంది మార్జీన్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హాస్ బస్సు టైముకి కదలాల్సిందే. రాష్ట్ర గవర్నరే పరుగెత్తుకొచ్చినా ఆగదు. రాని ఆటగాణ్ణి వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడని హాస్‌కి పెద్ద పేరు. ఎవరూ పైకి అనని మాట ఏంటంటే, బస్సు వెనకాల వెర్లిన్ కారు వచ్చేది. వీడియో సామాను తేవాలన్న వంకతో అతను కావాలనే ఆలస్యంగా బయలుదేరి, హాస్టల్ ముందు నిలబడ్డ బద్ధకస్తుణ్ణి ఎక్కించుకుని, మ్యాచ్ వేళకి దింపేవాడు. హాస్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆయన కాఠిన్యానికి కాఠిన్యమూ దక్కింది, ఆటగాడికి ఆటగాడూ దక్కాడు.

ఆ శనివారం పొద్దున మంచు సన్నగా పడుతోంది. బస్సు ఇంజిను గుర్రుమంటోంది. అందరూ ఎక్కారు, డెషాన్ మాబ్రీ తప్ప.

డెషాన్ అంటే జట్టుకి ప్రాణం. గ్యారీ పట్నం నుంచి వాణ్ణి తెచ్చింది వెర్లినే. వాళ్ళమ్మ లొరెట్టా వంటింట్లో మొక్కజొన్న రొట్టె తింటూ, "మీవాడు నా బాధ్యత అమ్మా" అని మాటిచ్చి మరీ తెచ్చాడు.

డ్రైవర్ గ్లెన్ అద్దంలోంచి చూశాడు. "ఏంటి సార్, టైమైంది. పోనిమ్మంటారా, పెళ్ళికొడుకు కోసం చూస్తున్నట్టు ఇలాగే చూద్దామా?"

వెర్లిన్ హాస్టల్ వైపు మరోసారి చూశాడు. ముందు సీట్లో మార్జీన్ చేతుల తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ముఖంలోంచి జవాబు లాగుదామని చూశాడు గానీ అక్కడేమీ దొరకలేదు.

"పోనీ గ్లెన్," అన్నాడు చివరికి.

బస్సు ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కాక అతని ఫోన్ మోగింది.

"కోచ్, మీ కారెక్కడ?" డెషాన్ గొంతు. కంగారేమీ లేదు పాపం, కాస్త విసుగే. "ఇక్కడ మెట్ల మీద గడ్డకట్టి చస్తున్నా."

కారు రాదని వీళ్ళెవరికీ వెర్లిన్ చెప్పలేదు. హాస్ వెళ్ళాక ఇప్పటిదాకా ఎవరూ ఆలస్యం చెయ్యలేదు గనక చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కారు తోలే మనిషి ఇప్పుడు బస్సులో కూర్చున్నాడు మరి.

"నేను బస్సులో ఉన్నానురా."

"అయితే నా కోసం ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. రూముకెళ్ళి పడుకో. రేపు మాట్లాడదాం."

"పడుకోవడమేంటి కోచ్! నా రూమ్మేట్ కారుంది. నేనే వచ్చేస్తా."

"ఒరేయ్, వద్దు! మంచు పడుతోంది, విను..." అవతల లైను తెగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. మోగుతోంది, ఎత్తేవాడు లేడు.

కిటికీ బయట మంచు దట్టమైంది. ముందు పోయే లారీల వెనక దీపాలు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ కారు టైర్లు బోడిగుండులా ఉంటాయని వెర్లిన్‌కి తెలుసు. మ్యాచ్ కోసం రాత్రంతా వేసిన ఎత్తులన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి.

ఇంతలో లొరెట్టా ఫోన్.

"కోచ్ గారూ, మావాడు ఫోన్ చేశాడు. కారు తోలుకొస్తున్నాట్ట! వాడికి లైసెన్సొచ్చి ఏడాది కాలేదు. మంచులో ఏనాడన్నా తోలాడా? మీరెక్కడున్నారు?"

"బస్సులో ఉన్నానమ్మా."

"మీరు బస్సులో ఉంటే మావాడు రోడ్డు మీద ఎందుకున్నాడండీ?"

"నేను చూసుకుంటానమ్మా" అని పెట్టేశాడు. ఆ మాటకు అర్థమేంటో అతనికే తెలియదు. లేచి డ్రైవర్ దగ్గరికి వెళ్ళాడు.

"గ్లెన్, వచ్చే పెట్రోలు బంకులో ఆపు."

"ఆపితే మళ్ళీ..."

"ఆపవయ్యా!"

ఇన్నేళ్ళలో వెర్లిన్ గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. వెనక సీట్లలో పాటలు ఆగిపోయాయి.

బస్సు బంకు పక్కన నిలిచింది. అప్పుడు మార్జీన్ నోరు విప్పింది. "వెర్లిన్, రూలు తెలుసా? టైముకి జట్టు మైదానంలో లేకపోతే మ్యాచ్ వాళ్ళకి రాసిచ్చేస్తారు. ఆడకుండానే ఓడిపోతాం."

"తెలుసు మేడమ్."

"ఈ మ్యాచ్ పోతే టోర్నమెంటు పోయినట్టే."

"అదీ తెలుసు. వాడెక్కడున్నాడో తెలిసేదాకా బస్సు కదలదు. ఎవరడిగినా నేనే ఆపానని చెప్పండి."

పోలీసులకి ఫోన్ చేసి కారు రంగు చెప్పాడు. రోడ్డంతా ఇలాంటి ఫోన్లేనని, చూస్తామని అన్నారు. వెర్లిన్ కిందికి దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఒక ఎర్రకారు వచ్చింది, డెషాన్ కాదు. ఇంకోటి వచ్చింది, అదీ కాదు. చెవులు మొద్దుబారాయి. వాడికేమన్నా అయితే ఆ తల్లి ముఖం ఎలా చూడాలి అన్నది ఒక్కటే లోపల తిరుగుతోంది. ఉద్యోగం గుర్తు రాలేదు అంటే అబద్ధమే. గుర్తొచ్చింది, గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చాలాసేపటికి, రోడ్డు మీద మంచు గీకే పెద్ద బండి ఒకటి పచ్చదీపం తిప్పుకుంటూ వచ్చి ఆగింది. దాని పైనుంచి డెషాన్ దిగాడు. నుదురు గీరుకుపోయింది, ఒక మోచెయ్యి పట్టుకున్నాడు.

"వీడు మీవాడేనా?" అన్నాడు బండి తోలేవాడు. "కారు గుంటలో పడుకుంది. వీడేమో బాస్కెట్‌బాల్ ఉందంటూ నడిచొస్తున్నాడు, ఈ చలిలో! పిచ్చివాళ్ళని ఏరుకొచ్చి ఆడిస్తారా మీరు?"

వెర్లిన్ వాడి చెయ్యి వంచి చూశాడు, వేళ్ళు కదిలించమన్నాడు, కళ్ళలోకి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఇచ్చాడు. వాడు మాట్లాడటం అయ్యాక అన్నాడు, "ఎక్కు. ఇవాళ నువ్వు ఆడవు."

"ఏంటీ? చెయ్యి బాగానే ఉంది కోచ్!"

"చెయ్యి గురించి కాదు. బస్సు టైముకి రాలేదు నువ్వు."

"మరి నా కోసం ఆపారుగా!"

"బతికున్నావో లేదో చూడ్డానికి ఆపానురా. ఆడించడానికి కాదు."

డెషాన్ మెట్టు మీదే నిలబడిపోయాడు. "హాస్ కోచ్ ఉన్నప్పుడు మీరే తీసుకొచ్చేవారు. ఇప్పుడు మీకు కుర్చీ రాగానే..." అంటూ ముందు సీట్లో ఉన్న మార్జీన్ వైపు చూసి, మిగతాది మింగేశాడు. ఆ మింగేసిన మాట వెర్లిన్‌కి కత్తిలా దిగింది.

హార్లన్‌బర్గ్ జిమ్‌కి చివరి నిమిషంలో, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చేరారు. బట్టలు మార్చుకునే గదిలో వెర్లిన్ కుర్రాళ్ళ ముందు నిలబడ్డాడు. మార్జీన్ తలుపు దగ్గర ఉంది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు. "బస్సు వెనక కారు వస్తుందని మీకు అలవాటు చేసింది నేను. ఆ కారు ఇక రాదు. రాదని చెప్పాల్సింది కూడా నేనే, చెప్పలేదు. ఇవాళ వీడు గుంటలో పడ్డాడంటే సగం తప్పు నాది. నా తప్పు సంగతి మేడమ్ తేలుస్తారు. వాడి సగానికి వాడు ఇవాళ కూర్చుంటాడు."

"కోచ్, వాడు లేకుండా ఎలా గెలుస్తాం?" అన్నాడు కెప్టెన్ ట్రాయ్ లిండ్‌స్ట్రమ్.

"నాకూ తెలీదు. పదండి."

తెలీదనే అన్నాడు, అలాగే ఆడించాడు కూడా. మొదటి సగంలో చాలా వెనకబడ్డారు. రెండో సగంలో ఎక్కణ్ణుంచి వచ్చిందో పౌరుషం, ఒక్కొక్క బుట్టా వేసుకుంటూ దగ్గరికొచ్చారు. జిమ్ కప్పు ఎగిరిపోయేలా అరుపులు. చివర్లో ఒక్క పాయింటు తేడా. వెర్లిన్ ఆట ఆపించి కుర్రాళ్ళని చుట్టూ చేర్చాడు.

ట్రాయ్ చెమటలు కక్కుతూ అతని చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "దించండి కోచ్ వాణ్ణి. ఒక్క షాటు! ఒక్కటంటే ఒక్కటి! వాడు కళ్ళు మూసుకుని వేస్తాడు."

నిజమే, వేస్తాడు. వెర్లిన్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? బెంచీ చివర డెషాన్ సగం లేచి నిలబడి ఉన్నాడు. ప్రేక్షకుల మెట్ల మీద రెండో వరసలో మార్జీన్ ఉంది. గెలిస్తే తన పేరు ఖాయమని వెర్లిన్ లోపల ఒకడు గోల పెడుతున్నాడు. ఈసారి అతను మార్జీన్ వైపు చూడలేదు.

"నువ్వే వెయ్యి ట్రాయ్," అన్నాడు.

ట్రాయ్ వేశాడు. బంతి ఇనప చట్రం మీద రెండుసార్లు ఎగిరి బయట పడింది.

తిరుగు ప్రయాణంలో మంచు ఆగింది. చీకటి పడకముందే వెల్డన్ చేరేలా ఉన్నారు. మార్జీన్ లేచి వచ్చి వెర్లిన్ పక్కన కూర్చుంది.

"కాలేజీ ప్రెసిడెంట్ గారికి ఆట మధ్య విరామంలోనే ఫోన్ చేశాను," అంది. "జట్టు నీదేనని చెప్పాను."

వెర్లిన్ నమ్మలేనట్టు చూశాడు. "అప్పటికి మనం చిత్తుగా ఓడిపోతున్నాం కదండీ!"

"అందుకే అప్పుడు చేశాను. చివరికి గెలిస్తే, గెలిచినందుకు ఇచ్చానని నువ్వనుకుంటావు. ఓడితే జాలిపడి ఇచ్చాననుకుంటావు. రెండూ నాకొద్దు." చేతుల తొడుగులు వేసుకుంది. "ఆ కారు సంగతి నాకెప్పుడో తెలుసు వెర్లిన్. పొద్దున బస్సు కదిలినప్పుడు నువ్వూ హాస్‌లా నటిస్తున్నావనుకున్నాను, బయటివాణ్ణే తెద్దామనుకున్నాను. పెట్రోలు బంకు దగ్గర ఎవరిలానూ నటించలేదు. సోమవారం వచ్చి సంతకం పెట్టు. ఆ గుంటలో కారు సంగతి కూడా నువ్వే చూడాలి, మర్చిపోకు."

ఆమె తన సీటుకి వెళ్ళిపోయింది. వెర్లిన్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. ఎవరితోనైనా చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. ఎవరితో చెప్తాడు? తన కుర్రాళ్ళతోనే. లేచి, సీట్లు పట్టుకుంటూ బస్సు వెనక్కి నడిచాడు.

వెనక అంతా ఒక చోట మూగి ఏదో మాట్లాడుకుంటున్నారు. "ఒక్క షాటురా, ఒక్క షాటు... మొండి..." అన్న మాట ఒకటి వినపడింది. ఎవరో మోచేత్తో పొడిచారు. అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ట్రాయ్ కిటికీలోంచి పొలాలు చూడసాగాడు. డెషాన్ టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఏంట్రా కబుర్లు?" అన్నాడు వెర్లిన్ నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"ఏం లేదు కోచ్."

"ఎవరికన్నా ఆకలేస్తోందా? ఆపి ఏమన్నా తిందామా?"

"వద్దు కోచ్."

ఇంకాసేపు నిలబడ్డాడు. ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతను మళ్ళీ సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చి, ఒంటరిగా కూర్చున్నాడు. వెనక గొంతులు మెల్లగా మళ్ళీ మొదలయ్యాయి. ఈ ఉద్యోగం కోసం ఇన్నేళ్ళు కాచుకున్నాడు. దాంతోపాటు ఇది కూడా వస్తుందని హాస్ ఒక్కనాడూ చెప్పలేదు.