ఒక కన్ను మూసిన నేరం

ఇవాళ మా మనవరాలు ఫోన్లో పాఠం వింటూ చేయి చాపి, బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్నూ ఒకసారి కుడి కన్నూ మూసింది. నాకు ఒళ్ళు మండింది, పిల్ల మీద కాదు.

మన తొమ్మిదో తరగతి గుర్తుందా, మిత్రులారా? ఆ రోజు, జిగురు వాసన వేసే గ్రంథాలయం పుస్తకంలో చదివి నేనూ అదే చేస్తున్నాను. కన్ను మారిస్తే వేలు పక్కకు జరిగినట్టు కనపడుతుంది. అలాగే భూమి సూర్యుడికి ఈ వైపున ఉన్నప్పుడూ, ఆరు నెలలకు ఆ వైపున ఉన్నప్పుడూ చూసి, నక్షత్రం ఎంత జరిగిందో కొలిచి దాని దూరం లెక్కగడతారు.

ఆడపిల్లల వరసలోంచి వనజ ఇటు తిరిగింది. "ఏందిరా ఆ వేషాలు?"

చెప్పాను. తనూ వేలు చాపి ఒక కన్ను మూసింది. "ఒరేయ్, వేలు దగ్గరికి తెస్తే చానా జరుగుతోంది!"

గుమ్మంలో సైన్సు మాష్టారు. "ఏందిరా, ఒకరికొకరు కన్ను కొట్టుకుంటున్నారా?"

"నక్షత్రాలండీ..." అన్నాను.

"ఆడపిల్ల మొహంలో కనపడుతున్నాయా నక్షత్రాలు?" అని బెత్తం ఎత్తాడు. వనజ తండ్రికి కబురు పంపాడు. ఆయన మర్నాటి నుంచి పిల్లను బడి మాన్పించాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళిచేసి నాదెండ్ల అత్తారింటికి పంపాడు.

చాపిన వేళ్ళు మీరంతా చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడేమో ఆ మాష్టారి ఫొటో బడిలో పెట్టిద్దామంటున్నారు.

వనజ బడి మానిన వారానికి ఆ మాష్టారే తరగతిలో పుస్తకం చూసి చదివాడు: "దగ్గరి నక్షత్రం ఎక్కువ జరుగుతుంది, దూరపుది తక్కువ. రాసుకోండి." వనజ అప్పటికే కనిపెట్టిన మాట అది. ఆమె లేని తరగతిలో మనమంతా తలలు వంచుకుని రాసుకున్నాం.